గోధుమ లేని వంటయిల్లు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక అద్దె గదిలో, ఒకే ఒక బీరువాతో ఆరంభమైన మన గ్రంథాలయమునకు నేటితో ఇరువదియైదేండ్లు నిండినవి. ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. మా తండ్రిగారు కరణము. 1984లో కరణముల పదవులు రద్దయిన పిదప కొంతకాలమునకు నేనును గ్రామపు లెక్కల కొలువులోనే చేరితిని. పగలు అడంగళ్లు, రాత్రి ఈ గ్రంథాలయపు పుస్తకములు. ఈ రెంటి నడుమనే నా చదువు సాగినది. గురువు లేడు. ఉన్న గురువు ఈ బీరువాయే.

కార్యవర్గమువారు ఆముక్తమాల్యదను గూర్చి మాటాడుమనిరి. నేను వంటను గూర్చి మాటాడవచ్చితిని. మీరు నవ్వవచ్చును. అయినను విష్ణుచిత్తుని యింట అతిథులకు ఏ ఋతువున ఏమి వడ్డించెడివారో రాయలంతవాడు శ్రద్ధగా వర్ణించినాడు గనుక, అన్నమును గూర్చి మాటాడుట సాహిత్యమునకు చిన్నతనము కాదని ధైర్యము తెచ్చుకొంటిని. అదియును గాక నేను చెప్పబోవునది నా యింట జరిగిన సంగతి. ఒక పసిబిడ్డ ఆరోగ్యముతో ముడివడిన సంగతి. ఈ సభలో ఏ తల్లికైనను అది పనికివచ్చునేమో యని చెప్పుచున్నాను.

నా మనుమరాలికిప్పుడు ఏడేండ్లు. పుట్టినప్పుడు ముద్దుగా, ఒడ్డుపొడవుగా నుండెను. రెండేండ్లు దాటిన పిదప క్రమముగా చిక్కిపోసాగెను. చేతులు కాళ్లు పుల్లలు. పొట్ట మాత్రము కుండ. దినమునకు నాలుగైదు మారులు విరేచనములు. ముఖమున నెత్తురు చుక్క లేదు. ఊరక కూర్చుండి విసుగుకొనుచుండెను. తోడిపిల్లలతో ఆటకు పోదు. ఇరుగుపొరుగువారు దిష్టియనిరి. కడుపులో పురుగులని కొందరు అనిరి. ఒకరిద్దరు వైద్యులు రక్తహీనతకు మందు వ్రాసియిచ్చిరి. ఆ మందు త్రాగినంతకాలము త్రాగుచునే యుండెను, చిక్కినంత చిక్కుచునే యుండెను.

అప్పుడు నేను చేసిన నిర్వాకము వినుడు. బిడ్డకు బలము చాలలేదని నా నిశ్చయము. పనిమీద నంద్యాలకు పోయినప్పుడెల్ల బిస్కత్తు పొట్లములు, బ్రెడ్డు తెచ్చెడివాడను. ఉదయము బొంబాయిరవ్వ ఉప్మా, రాత్రి గోధుమ చపాతి పెట్టుమని కోడలికి ఆజ్ఞ. కడుపు జారిన దినమున బార్లీ నీరు కాచి చల్లార్చి నేనే గ్లాసుతో త్రాగించెడివాడను. "జేజినాయనా, వద్దు" అని బిడ్డ మొగము త్రిప్పుకొన్నను బుజ్జగించి త్రాగించితిని. ప్రేమతో నేను పెట్టిన ప్రతి ముద్దయు ఆ పేగులను గాయపరచుచుండెనని నాకేమి తెలియును?

కడకు కర్నూలులో ఒక పిల్లల వైద్యుడు, మేము చెప్పినదంతయు సావధానముగా విని, నెత్తురు పరీక్ష చేయించి, పిదప గొట్టముద్వారా చిన్నప్రేగునుండి చిన్న తునుక తీసి పరీక్షింపజేసి, జబ్బు పేరు చెప్పినాడు: సీలియాక్ వ్యాధి. "ఈ బిడ్డకు గోధుమ పడదు. బార్లీ పడదు. రై యను ధాన్యమును పడదు. మందు లేదు. జీవితాంతము ఆ ధాన్యములను మానుటయే మందు" అన్నాడు.

ఆ వ్యాధి సంగతి నేను తెలిసికొన్నంత మీకు చెప్పెదను. గోధుమపిండిని ముద్దచేసి, నీళ్లలో పిసుకుచు కడుగుడు. తెల్లని గంజి పోయి, చేతిలో సాగెడి బంక వంటి పదార్థము మిగులును. దాని పేరు గ్లూటెన్. చపాతి సాగుటకును, రొట్టె పొంగుటకును అదియే కారణము. పుట్టుకతో కొన్ని లక్షణములు సంక్రమించిన కొందరి శరీరము ఈ బంకను శత్రువుగా నెంచి పోరాడును. ఆ పోరులో దెబ్బతినునది తన చిన్నప్రేగే. ప్రేగు లోపల మఖమలు గుడ్డపై నూగువలె సన్నని మొలకలు కలవు. మనము తిన్న సారమును పీల్చునవి అవియే. ఆ నూగు అరిగి చదునగును. అప్పుడు ఎంత తిన్నను ఒంటికి పట్టదు. చిల్లికుండలో నీరు పోసినట్లే.

ఈ రోగమును గుర్తించిన చరిత్ర కూడ చెప్పదగినది. ప్రాచీన గ్రీకు వైద్యుడు అరెటేయస్ దీనిని పోలిన ఉదరవ్యాధిని వర్ణించెను. ఇంగ్లాండులో శామ్యూల్ గీ యను వైద్యుడు 1888లో పిల్లలయందలి ఈ జబ్బును వివరించి, కుదురునెడల అది ఆహారము వలననే కుదురవలెనని వ్రాసెను. అయినను ఏ ఆహారమో తెలియదు. హాలండు దేశమున విలెమ్ డికె యను పిల్లల వైద్యునికి గోధుమపై అనుమానము కలిగెను. రెండవ ప్రపంచయుద్ధము చివర, 1944-45 చలికాలమున, ఆ దేశమున ఘోరమైన కరవు వచ్చెను. రొట్టె దొరకలేదు. జనులు తులిప్ పూల దుంపలు కూడ తినిరి. ఊరెల్ల ఆకటితో నుండగా ఈ జబ్బుపిల్లలు మాత్రము తేరుకొనిరి. యుద్ధము ముగిసి రొట్టె మరల వచ్చినంతనే జబ్బును వచ్చెను. డికె తన పరిశోధనను 1950లో యుట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు సమర్పించెను. లోకమునకు కరవైన కాలము ఆ బిడ్డలకు పథ్యమైనది. ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మన ప్రాంతమున ఈ జబ్బు ఏల అంతగా వినబడదని మీరడుగవచ్చును. 2016లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము ఉత్తరభారతమున పెద్దలలో నూటికి 1.23 మందికి, ఈశాన్యమున 0.87 మందికి, దక్షిణమున 0.10 మందికి ఈ వ్యాధి కనబడినది. వారు పరిశీలించిన ఉత్తరాది ప్రాంతమున ఒక మనిషి దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినుచుండగా దక్షిణమున 25 గ్రాములు మాత్రమే తినుచుండెను. లెక్కలవాడను గనుక నేనొక మాట చెప్పెదను: వెయ్యికి ఒకరనగా తక్కువయే, కాని ఆ ఒకరు మన యింట నున్నయెడల అది నూటికి నూరు.

వైద్యుడు కాగితము వ్రాసియిచ్చెను. తినకూడనివి ఒక ప్రక్క, తినదగినవి ఒక ప్రక్క. పట్టణపు అంగడిలో "గ్లూటెన్ లేనిది" అని అచ్చువేసిన పిండి పొట్లము కొంటిని. దాని వెల మన జొన్నపిండి వెలకు ఎన్నోరెట్లు. ఆ పొట్లము చేతబట్టుకొని ఇంటికి వచ్చితిమి. కోడలు కంట తడిపెట్టెను: "మామా, చపాతి లేదు, బిస్కత్తు లేదు, ఉప్మా లేదు. బిడ్డకు ఏమి పెట్టేది?"

మా తల్లిగారు ఎనుబదేండ్ల మనిషి. వసారాలో నాపరాతి అరుగుమీద కూర్చుండి అంతయు వినుచుండెను. ఆమె అన్న మాటను ఆమె నోటితోనే చెప్పెదను: "ఏందిరా ఈ ఏడుపు? నీ చిన్నప్పుడు మనింట్లో గోదుమలు యాడుండె? పండగనాడు బచ్చాలకు తప్ప గోదుమపిండి మొగం సూసినామా? నిన్ను సాకింది జొన్నరొట్టె కాదా, కొర్రన్నం కాదా?"

నేను మ్రాన్పడితిని. ఎక్కడెక్కడో వెదకుచున్న మందు మా తల్లి చేతి గాజుల ప్రక్కనే యున్నది.

మరునాడు కచేరిలో పాత అడంగళ్లు తీసి చూచితిని. నా తండ్రి దస్తూరీ. పైరు గడిలో జొన్న, కొర్ర, సద్ద, ఆరిక, రాగి. నడుమ నడుమ కంది, ఉలవ, అలసంద, బుడ్డలు. నల్లరేగడి చేలలో పత్తి సాళ్లనడుమ కొర్ర. గోధుమ యను మాటకై వెదకితిని, కనబడలేదు. ఈనాటి అడంగలులో జొన్న మిగిలినది కొంత. కొర్ర మరియు తక్కువ.

ఈ మార్పునకు కారణములు అనేకములు. కె.సి. కాలువ క్రింది ఊళ్లలో వరి పెరిగినది. 1956లో అమెరికాతో కుదిరిన ఒడంబడిక పిదప ఓడలలో గోధుమలు దేశమునకు వచ్చినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చినది. ఆకలిగొన్నవానికి అన్నము దొరికినది. అది చిన్న మేలు కాదు, దానిని నేను నిందింపను. కాని దానివెంట ఇంకొకటి వచ్చినది. జొన్నరొట్టె బీదవాని తిండియనియు, చపాతి నాగరికుని తిండియనియు ఒక భేదము మన మనస్సులలో నాటుకొన్నది. నేను బిడ్డకు చపాతి పెట్టుమన్నది బలముకొరకే కాదు. జొన్నరొట్టె తిని పెరిగిన కరణము కొడుకు, తన మనుమరాలు నాగరికముగా పెరుగవలెనని ఆశించినాడు. ఆ గర్వమునకు ఆ బిడ్డ మూల్యము చెల్లించినది.

ఈ చిన్నచూపు నేటిది కాదు. కొండవీటి సన్నబియ్యమునకు అలవాటుపడిన శ్రీనాథుడు పలనాటికి పోయి జొన్నకూటిని ఎత్తిపొడిచిన చాటువులు మనలో పలువురకు కంఠస్థములు. ఆ మహాకవికి నమస్కరించుచునే, ఆ ఒక్క విషయమున నేను పలనాటి రైతు పక్షమున నిలుచుచున్నాను. గోధుమ తెలుగువారికి తెలియనిది కాదు; క్రీడాభిరామములో ఓరుగల్లు పూటకూటింటి భోజనమున గోధుమ వంటకము పేర్కొనబడినది. అది ప్రత్యేక భోజనపు వంటకము, నిత్యాన్నము కాదు. ఇంకొక ప్రక్క కన్నడమున కనకదాసు రామధాన్య చరిత్రె యను కావ్యము వ్రాసెను. అందు వరికిని రాగికిని గొప్పతనమును గూర్చి జగడము. రాముడు రెంటిని ఆరుమాసములు చెరలో నుంచును. వరి వాడిపోవును, రాగి నిలుచును. రాముడు రాగినే గౌరవించి తన పేరిచ్చును. బీదవాని ధాన్యమునకు కావ్యములో తీర్పు చెప్పించిన ఆ దాసుని హృదయము ఎంత పెద్దది!

ఇక వంట సంగతి. స్త్రీలు నాకు నేర్పినదే స్త్రీల ముందు చెప్పుచున్నాను, తప్పులున్న దిద్దుడు.

మొదటిది జొన్నరొట్టె. గోధుమకు బంక కలదు గనుక చన్నీళ్లతో కలిపినను ముద్ద సాగును. జొన్నకు ఆ బంక లేదు. కావుననే మన పెద్దలు నీళ్లు తెర్లకాచి, ఉప్పువేసి, పిండిలో పోసి కలిపిరి. వేడినీటికి జొన్నలోని గంజి ఉడికి ముద్దను పట్టి నిలుపును. గ్లూటెన్ పేరు వినకయే మన అవ్వలు గ్లూటెన్ లేని పిండిని లొంగదీసిరి. ముద్దను అరచేతి మడమతో బాగుగా మెదిపి, నాపరాతి బండమీద పొడిపిండి చల్లి, చేతితో తట్టి, పెనముమీద వేసిన వెంటనే పై భాగమున తడిగుడ్డతో నీళ్లు పూయవలెను. ఆ తడి ఆరుచుండగా త్రిప్పిన పొంగును. ఒక్కమారు రెండు మూడు రొట్టెలకు చాలినంతయే కలుపవలెను. ముద్ద చల్లారిన బీటలువారును. పిండియు ఏ వారమునకా వారము విసరుకొన్నదే మేలు. పాతబడిన పిండి విరుగును, చేదెక్కును. దానికి తోడు పుంటికూర పప్పు, ఉలవల కూర, లేక వంకాయ కూర. ప్రక్కన బుడ్డల పొడి, ఎర్రగడ్డ.

రెండవది రాగిసంకటి. ఒక పాలు బియ్యపు నూకలు మెత్తగా ఉడికించి, దానిపై రెండు పాళ్ల రాగిపిండి కుప్పగా పోసి, కదల్పక మూతపెట్టి, సన్నని సెగమీద మగ్గనిచ్చి, పిదప తెడ్డుతో ఉండ లేకుండ కలియబెట్టవలెను. నూకలు ఎసటిలో పడునప్పుడే పిండికి చాలినన్ని నీళ్లు పోయవలెను. పిదప పోసిన ఉండకట్టును. చేతికి నీరు తడిచేసికొని ముద్దలు చేసి, నడుమ గుంతలో నెయ్యి. నూరు గ్రాముల రాగిలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపు ధాతువు కలదు; ఇది గోధుమలో నున్నదానికంటె ఎన్నోరెట్లు ఎక్కువ. ప్రేగు పాడయి ఎముకలకు బలము చాలని బిడ్డకు ఇంతకంటె మేలైన ముద్ద యేది? 2023లో మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలకు రాగిజావ పోయుట మొదలుపెట్టినప్పుడు నా మనస్సు చల్లబడినది.

మూడవది కొర్రన్నము. అమరకోశమున కంగు, ప్రియంగు అని పేర్లుగల ధాన్యమిదియే. అరగంటయైనను నానబెట్టి, గ్లాసునకు రెండు గ్లాసుల నీరుపోసి వండిన పొడిపొడిగా వచ్చును. మూడు పోసిన మెత్తనగును. పచ్చిపులుసుతో గాని, మజ్జిగతో గాని తినవచ్చును. మన నంద్యాలలో 1906లో నెలకొన్న వ్యవసాయ పరిశోధన స్థానమువారు కొర్రలోను జొన్నలోను మేలైన రకములు వెలువరించిరి. సూర్యనంది యను కొర్ర అందొకటి. విత్తనము మన ముంగిటనే యున్నది.

నాలుగవది మన కర్నూలు సీమకు ప్రాణమైన ఉగ్గాని. ఉప్మా లేదని ఏడ్చిన కోడలికి మా తల్లి చూపిన దారి ఇది. బొరుగులను నీళ్లలో ముంచి వెంటనే పిండి తీసి, ఎర్రగడ్డ, పచ్చిమిరప, పసుపు తిరుగబోతలో వేసి, పై నుండి పుట్నాలపప్పు పొడి చల్లిన ఉగ్గాని సిద్ధము. బొరుగులు బియ్యమే గదా. ప్రక్కన శనగపిండి బజ్జి. ఇంటిలో చేసిన బజ్జి నిర్భయముగా పెట్టవచ్చును. హోటలు బజ్జికి మాత్రము ఆ పిండిలో మైదా కలిసినదో, ఆ నూనెలో పూరీ వేగినదో అడుగవలెను.

ఇవి గాక సద్దరొట్టె, జొన్న అంబలి, పెసరట్టు, ఇడ్లీ, దోసె, కుడుములు, అరిసెలు, నువ్వుల ఉండలు. లెక్కవేసి చూడగా మన వంటింటి పట్టీలో కొట్టివేయవలసినవి పది, మిగిలినవి నూరు. ఒక్క జాగ్రత్త: జొన్నయొక్కటే, రాగియొక్కటే తిన్న చాలదు. పప్పు, ఉలవ, అలసంద, ఆకుకూర, మజ్జిగ తోడుండవలెను. పూర్వులు చేనిలో కలిపి విత్తినట్లే కంచములోను కలుపుకొనవలెను.

ఇప్పుడు మోసపోవు చోట్లు చెప్పెదను. ఇవి మేము దెబ్బతిని నేర్చుకొన్నవి. పథ్యము మొదలుపెట్టిన మూడవ వారమునకే విరేచనములు తగ్గి బిడ్డ ముఖము తేటపడెను. మూడవ నెలలో మరల జబ్బు తిరుగబెట్టెను. విచారింపగా, పొరుగింటి పెద్దమ్మ నోముప్రసాదమని కేసరి పెట్టినదట. "గోదుమ వద్దంటిరి గాని, ఇది బొంబాయిరవ్వ గదమ్మా!" అన్నది ఆ మహాతల్లి. ఆమె తప్పు లేదు. మైదా, బొంబాయిరవ్వ, సేమ్యా, బన్ను, బిస్కత్తు ఇవన్నియు గోధుమ బిడ్డలే. పేరు మార్చుకొని తిరుగుచున్నవి. ఓట్లు అను ధాన్యమున కూడ గోధుమ కలియుట కద్దు; వైద్యుని అడుగక పెట్టరాదు. డబ్బాలలో వచ్చు బలవర్ధక పానీయములలో గోధుమ, బార్లీ మొలకల పిండి యుండును. అన్నిటికంటె విచిత్రము ఇంగువ. అంగడి ఇంగువలో పెక్కింట గోధుమపిండియో మైదాయో కలిసియుండును. పప్పులో చిటికెడు ఇంగువ అని మేము అనుకొంటిమి. చిటికెడే పేగులకు చాలును. పొట్లముమీది అక్షరములు చదువుడు. మన దేశపు నిబంధన ప్రకారము కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉన్నదానిపై "గ్లూటెన్ లేనిది" అని వ్రాయరాదు. చదువు వచ్చినందులకు ప్రయోజనము కావ్యపఠనమే కాదు, పొట్లపఠనము కూడ.

పిమ్మట పిండిమర. జొన్నలు శుభ్రముగా తీసికొనిపోయి మరలో పోసితిమి. మా ముందటివారు గోధుమలు ఆడించిరి. ఆ రాళ్లనడుమ మిగిలిన పిండి మా పిండిలో కలిసినది. ఈ సంగతి తెలిసిన దినమున మా తల్లి, పశువుల కొట్టములో మూలబడియున్న ఇసురురాయి తెప్పించి, కడిగించి, గంటు కొట్టించెను. నేడు మా యింట రాగియు జొన్నయు దానిమీదనే విసరబడుచున్నవి. మొదటి దినములలో నేనును విసరితిని. లెక్కలు వ్రాయు చేతికి బొబ్బలెక్కినవి.

ఇంతవరకు చెప్పినది తిండి. అసలు కష్టము పంక్తిలో నున్నది.

తొలి నెలలలో బిడ్డకు వేరుగిన్నె, వేరువంట. మేము చపాతి తినుచుండగా తాను రొట్టె తినును. ఒకనాడు కంచము దూరముగా జరుపుకొని, "జేజినాయనా, నేను చెడ్డదాన్నా? నాకొక్కదానికే వేరే ఎందుకు?" అని యడిగెను. దానికి అమరకోశమున సమాధానము లేదు. ఆ రాత్రి మా తల్లి తీర్పు చెప్పెను: "బిడ్డ తినేదే అందరం తిందాం." మరుదినమునుండి మా యింటికి గోధుమ రాలేదు. ఆరుగురము ఒకే కుండలోని సంకటి తినుచున్నాము. వంట రెండు మారులు చేయు శ్రమ కోడలికి తప్పినది. గోధుమ పొరపాటున కలియునను భయము తప్పినది. అన్నిటికంటె బిడ్డ పంక్తిలోనికి వచ్చినది.

ఉగాది వచ్చెను. బచ్చాలు లేని ఉగాది మన సీమలో ఉండునా? కోడలు బియ్యపుపిండితో బచ్చాలు చేయబూనెను. అవి పెనముమీదనే ముక్కలైనవి. బంక లేనిదే పలుచని పొర సాగదు గదా! అప్పుడా శనగపప్పు బెల్లపు పూర్ణమునే ఉండలు చేసి, బియ్యము మినప్పప్పు రుబ్బిన పిండిలో ముంచి నూనెలో వేసినది. పూర్ణము బూరెలు. నా మనుమరాలు నాలుగు తిన్నది. అయిదవది తన చేతితో తెచ్చి నా నోట పెట్టినది. బార్లీ నీరు వద్దన్నను త్రాగించిన నోటికి ఆ బిడ్డ పెట్టిన ముద్ద అది. నేను నమలలేకపోతిని.

సోదరులారా, నా మాటను తప్పుగా గ్రహింపకుడు. గోధుమ విషము కాదు. కోట్లమందికి అది ప్రాణాధారము. ఈ జబ్బు లేనివారు దానిని మానవలసిన పని లేదు. జొన్న తిన్నంతనే సర్వరోగములు పోవునని చెప్పువాని మాట నమ్మకుడు. మరియొక ముఖ్యమైన మాట: అనుమానము కలిగినంతనే తమంతట గోధుమ మానరాదు. మానిన పిదప చేసిన పరీక్షలో జబ్బు దొరకకపోవచ్చును. తినుచుండగనే వైద్యునివద్ద పరీక్ష చేయించి, నిశ్చయమైన పిదప మానవలెను. మానిన పిదప ఒక్క దినమును తప్పరాదు. ఒకరికి ఈ జబ్బున్న ఇంట తల్లిదండ్రులును తోబుట్టువులును కూడ పరీక్ష చేయించుకొనవలెను; వారిలో సుమారు పదిమందికొకరికి ఉండవచ్చునని వైద్యులు చెప్పుదురు. ఇది పిల్లలకే కాదు, పెద్దలకును ఏ వయస్సుననైనను బయటపడవచ్చును. ఎంత మందు వాడినను తగ్గని రక్తహీనత, ఎదుగని బిడ్డ, ఆగని విరేచనములు కనబడినచో దిష్టి తీసినను తీయుడు గాని, ఈ ప్రశ్న కూడ వైద్యుని అడుగుడు. మన ప్రాంతమున అరుదైనది గనుకనే మనము అడుగవలెను.

2018లో మన దేశమున చిరుధాన్యములకు పోషకధాన్యములని పేరుపెట్టిరి. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా జరిపెను. లోకము మన అవ్వల కుండలోనికి తొంగిచూచుచున్నది. మంచిదే. కాని అంగడిలో రంగుపొట్లములలో ఎక్కువ వెలకు కొని తినుటకంటె, మన చేనిలో నాలుగు సాళ్లు కొర్ర విత్తుట సులభము. ఆ పైరు పేరు అడంగలులో వ్రాయు భాగ్యము నాకు కలిగింపుడని మా ఊరి రైతులను వేడుచున్నాను.

గ్రంథాలయమువారికి ఒక విన్నపము. మన బీరువాలో కావ్యములున్నవి, ప్రబంధములున్నవి, నవలలున్నవి. మన అవ్వలకు తెలిసిన వంట మాత్రము ఏ పుస్తకములోను లేదు, వారితోనే పోవుచున్నది. ఒక తెల్లకాగితముల పుస్తకమును నేను నేడు గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాను. మొదటి పుటలో మా తల్లి చెప్పిన జొన్నరొట్టె, సంకటి, కొర్రన్నము పాళ్లు నా దస్తూరీతో వ్రాసితిని. రెండవ పుటలో గోధుమ దాగియుండు పదార్థముల పట్టీ వ్రాసితిని. తక్కిన పుటలు ఖాళీ. చదువు వచ్చిన ఆడబిడ్డలు తమ అవ్వల నడిగి వ్రాయుడు. ఏ ఊరిలోనో ఏ తల్లియో కర్నూలునుండి కాగితము చేతబట్టుకొని ఏడ్చుచు వచ్చినప్పుడు, ఈ పుస్తకము ఆమె చేతికందినచో మన గ్రంథాలయపు ఇరువదియైదేండ్లు సార్థకములు.

నా మనుమరాలు ఈ సభలో ముందు వరుసలోనే కూర్చున్నది. సభానంతరము పంచిపెట్టు ఫలహారము ఉగ్గాని యని కార్యవర్గమువారు నాకు చెప్పిరి. వంటవానిని ఇంగువ సంగతి నేను ముందే అడిగితిని. కావున ఆమెయు మనతో పంక్తిలో కూర్చుండును.